నాలుగు కోర్లు సరే, దేనిలో నాలుగు?

సంపాదకుల వారికి,

బ్రాడీపేట 4/14 అని అడ్రసు రాసిచ్చి పంపితే ఊరికి కొత్తవాళ్లు ఎంత తిరుగుతారో మన గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని మనకి తెలుసు కాబట్టి ఎవరూ విడమరిచి రాయరు, వాళ్లేమో పద్నాలుగో లైను ఎక్కడండీ అని కనపడ్డవాళ్లనల్లా అడుగుతూ ఉంటారు. మీ చదువుల పేజీలో కోడింగ్ కోర్సుల గురించి వరసగా రాస్తున్నారు గానీ, రాసిన కోడ్‌కి పక్కనే నాలుగు ముక్కలు వివరణ (కామెంట్ అంటారు) రాయడం గురించి నాకెక్కడా కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను ఇక్కడ డిప్లొమా పిల్లల ల్యాబ్ చూస్తుంటాను. క్యూఎమ్యూ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టింది, మన కంప్యూటర్లోనే ఇంకో లేని కంప్యూటర్ని నడిపిస్తుంది. ఆ లేని కంప్యూటర్లో ప్రాసెసర్ ఎలా ఉందో లోపలి విండోస్‌కి అదే చెప్పాలి: ఎన్ని సాకెట్లు (ప్రాసెసర్ చిప్ కూర్చునే చోట్లు), సాకెట్లో ఎన్ని డైలు (చిప్ లోపలి సిలికాన్ ముక్కలు), డైలో ఎన్ని కోర్లు (అసలు పని చేసే భాగాలు), కోర్‌లో ఎన్ని థ్రెడ్లు (ఒక కోర్ ఒకేసారి నడిపే పనుల వరసలు). ఒకసారి పాత వెర్షన్‌లో ప్రాసెసర్లు నాలుగు అని మాత్రం రాసి విండోస్ 10 హోమ్ ఎక్కించాను. లోపల చూస్తే ఒక్కటే! ర్యామ్ అనుకున్నా, లైసెన్స్ అనుకున్నా, రెండు రోజులు టెన్షన్ పడి పిల్లల ముందు పరువు పోయాక తేలిందేంటంటే, మనం విడదీసి చెప్పకపోతే 6.2 వెర్షన్‌కి ముందు క్యూఎమ్యూ నాలుగింటినీ నాలుగు సాకెట్లుగా పెట్టేది, హోమ్ ఎడిషన్ ఏమో ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది. 2021 డిసెంబరులో వచ్చిన 6.2 నుంచి ముందు కోర్లుగా లెక్కేస్తోంది. ఈ సంగతి వాళ్ల వివరణలో రెండే వాక్యాల్లో ఉంది. ఎవరు రాశారో గానీ నాకు మూడో రోజు మిగిల్చారు.

అసలు చిక్కు క్యూఎమ్యూ సోర్స్ కోడ్‌లో. సాకెట్, కోర్, థ్రెడ్ మూడే ఉన్న రోజుల్లో కోర్ల సంఖ్య అంటే సాకెట్‌లో అనే అర్థం, గొడవ లేదు. 2019లో 4.1తో డై వచ్చి మధ్యలో కూర్చుంది, 2022లో 7.0తో ఆర్మ్ (ఫోన్లలో ఎక్కువగా ఉండే ప్రాసెసర్ రకం) మెషీన్లకి క్లస్టర్ (కొన్ని కోర్ల గుంపు) కూడా వచ్చింది. మరి కోర్లు 2 అంటే దేనిలో రెండు? సాకెట్లు 2, డైలు 2, కోర్లు 2, థ్రెడ్లు 2 అంటే మొత్తం 16. ఆ కోర్లు సాకెట్ మొత్తానికి అనుకున్నవాడికి 8 వస్తాయి. కమాండ్‌లో లెక్క కలవకపోతే క్యూఎమ్యూ మొదలే కాదు, అది నయం. కోడ్ చదివి మార్చేవాడు పొరబడితే మాత్రం అలా ఆపేవాళ్లు ఎవరూ ఉండరు.

మా పిల్లల ప్రాజెక్టు రికార్డులు లావుగానే ఉంటాయి (ఎక్కడ నుంచి దించుతారో అందరికీ తెలుసు), వేరియబుల్ పక్కన మాత్రం ఒక్క ముక్క ఉండదు. ప్రాక్టికల్స్‌లో కామెంట్లకంటూ ఓ ఐదు మార్కులు పెట్టమని మీ పేజీలో ఒకసారి రాయండి. క్యూఎమ్యూ లాంటి అందరికీ తెరిచి ఉంచిన కోడ్‌లో ఒక్క కామెంట్ సరిచేసి పంపినా తీసుకుంటారు, దానికి ఇంగ్లిష్ దంచేయక్కర్లేదు, ఒక్కో డైలో ఉన్న కోర్లు అని రాయగలిగితే చాలు.

ఒక ల్యాబ్ ఉద్యోగి,
గుంటూరు