వ్యసనం వెనుక కణాల సర్దుబాటు

సంపాదకులు గారికి,

వ్యసనాన్ని కేవలం మనోబలం లేకపోవడంగా చూపే వ్యాసాలు కణాల్లో జరిగేదాన్ని విస్మరిస్తున్నాయి. నల్లమందులోని మార్ఫిన్ అనే ఆల్కలాయిడ్ (మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం రసాయనం), నాడీకణాల పొరపై రసాయన సంకేతాలను అందుకునే ప్రోటీన్లయిన మ్యూ గ్రాహకాలకు అతుక్కొని, కణం లోపల సంకేతాలను మోసే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు ఉత్పత్తిని తగ్గిస్తుంది. కణపు పొరలో పొటాషియం అయాన్లు బయటికి పోయే మార్గాలను తెరిపించి, కాల్షియం అయాన్లు లోపలికి వచ్చే మార్గాలను మూయించి, నొప్పి సంకేతాలను అణచివేస్తుంది. 1973లో ప్రయోగాల్లో నిర్ధారణ అయిన ఈ నల్లమందు గ్రాహకాలు, నల్లమందునిచ్చే గసగసాల మొక్క కోసం పుట్టినవేమీ కావు. వాటికి అతుక్కునేందుకు శరీరమే తయారుచేసుకునే ఎన్‌కెఫలిన్లు అనే రసాయనాలు 1975లో బయటపడ్డాయి. మార్ఫిన్ వాడకం చాలాకాలం కొనసాగితే కణం ఊరుకోదు: సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే ఎంజైమ్ చురుకుదనాన్ని పెంచుకొని సర్దుకుంటుంది కాబట్టే, మందు హఠాత్తుగా ఆగినప్పుడు ఆ ఉత్పత్తి మితిమీరి, విరమణ బాధలు మొదలవుతాయి. కొంతకాలం మానినవారిలో ఈ సర్దుబాటు సడలిపోతుంది గనుక, పాత మోతాదే శ్వాసను ఆపేయగలదన్న హెచ్చరికను మీ ఆరోగ్య పుటలో ప్రముఖంగా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు