1944 ఫోర్డ్ జీపు అని చెప్పి మీరు అమ్మిన బండి గురించి ఫిర్యాదు

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,
హైదరాబాద్.

విషయం: కొత్తగా కట్టిన జీపును ఒరిజినల్ అని చెప్పి అమ్మడం, డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా,

గత మార్చిలో మీ షెడ్డులో 13,50,000 రూపాయలు పెట్టి ఒక జీపు కొన్నాను. అది 1944లో ఫోర్డ్ కంపెనీ అమెరికా సైన్యానికి తయారు చేసిన జీపీడబ్ల్యూ అని మీ బిల్లు మీదే రాసి ఉంది. అది జీపీడబ్ల్యూ కాదు. ఈ మధ్య ఎక్కడో రేకు కోసి, వెల్డింగ్ పెట్టి కట్టిన బండి. ఫోన్లో మూడుసార్లు చెప్పబోయాను. మూడుసార్లూ "కనుక్కుని చెప్తాం సార్" అని పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం. పొడుగ్గానే ఉంటుంది, చివరిదాకా చదవండి.

ముందు ఒక మాట. కట్టిన జీపులంటే నాకు చిన్నచూపు లేదు. మీ దగ్గరికి వచ్చిన రోజున నేను ఏదీ తేల్చుకుని రాలేదు. ఒరిజినల్ కొనాలా, రెప్లికా కట్టించుకోవాలా అని ఏడాదిన్నర కొట్టుమిట్టాడి, మీరు పాత బండ్లు తెలిసినవాళ్లు కదా అని సలహా అడగడానికి వచ్చాను. ఈ సంగతి మీ సేల్స్ అబ్బాయికి మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పాను.

మా నాన్నగారు నాగార్జునసాగర్ ప్రాజెక్టు కట్టేటప్పుడు జీపు డ్రైవరు. మేము హిల్ కాలనీలో ఉండేవాళ్లం. ఆయన నడిపింది యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన లెఫ్ట్ హ్యాండ్ జీపు. పెట్రోలు పోయించాలంటే ఆయన కిందికి దిగి సీటు ఎత్తాల్సిందే, ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉండేది. రాత్రిపూట బండి ఆగిపోతే బానెట్ ఎత్తి, హెడ్‌లైటు వెనక ఉన్న వింగ్ నట్టు వదులు చేసి, లైటును వెనక్కి తిప్పేవారు. వెలుగంతా ఇంజను మీద పడేది. టార్చి పట్టుకోవడానికి నన్ను లేపే పని లేకుండా చేశారు అమెరికావాళ్లు అని నవ్వేవారు. ఆ ఒక్క ఏర్పాటు కోసమే నాకు ఆ జీపు కావాలనిపించేది, నమ్మండి.

"మామయ్యగారు నడిపిన బండి లాంటిది కావాలా, అప్పటి బండే కావాలా, ముందు అది తేల్చుకోండి" అంది మా ఆవిడ. తేలలేదు. ఒరిజినల్ అయితే మూడే గేర్లు, ఆరు వోల్టుల కరెంటు, ఒక్కో విడిభాగానికీ అమెరికా వైపు చూడాలి. పైగా 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం వీఏ అక్షరాల నంబరు తీసుకుంటే ర్యాలీకో ప్రదర్శనకో తీసుకెళ్లొచ్చు, రిపేరుకో పెట్రోలుకో వెళ్లిరావచ్చు. రోజూ కూరగాయలకు వేసుకెళ్లడానికి కుదరదు. కట్టించుకుంటే డీజిల్ ఇంజను, పవర్ స్టీరింగు, మంచి బ్రేకులు అన్నీ పెట్టించుకోవచ్చు. హర్యానాలో పంజాబ్ సరిహద్దున ఉన్న మండీ డబ్‌వాలీ జీపులు కట్టడానికే పేరుపడిన ఊరు. అక్కడి పనితనం ఫోటోల్లో చూసి ముచ్చటపడ్డాను కూడా. కానీ దానికి కాగితాల బెడద. పాత జీపు ఆర్సీ ఒకటి పట్టుకుని, దాని మీద కొత్త బండి కట్టేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రిటైరైన ప్రభుత్వోద్యోగిని, ఈ వయసులో ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగడం నావల్ల కాదు.

మీ అబ్బాయి రెండు రేట్లు చెప్పాడు. కట్టి ఇస్తే 5,75,000. మూలన టార్పాలిన్ కప్పి ఉన్న "ఒరిజినల్" 13,50,000. "కాగితాల టెన్షన్ ఏమీ ఉండదు సార్, వీఏ నంబరు మేమే తెప్పిస్తాం" అన్నాడు. డ్యాష్‌బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల ప్లేట్లు మూడు చూపించాడు. బోల్టు తల మీద ఫోర్డ్ వాళ్ల ఎఫ్ అక్షరం చూపించాడు. ముందు గ్రిల్లుకు తొమ్మిది చీలికలు లెక్కపెట్టించాడు, తర్వాత వచ్చిన మామూలు జీపులకు ఏడే ఉంటాయని చెప్పాడు. అవన్నీ నిజమే. యుద్ధం జీపుకు అవి ఉండాల్సిందే. వాటిని చూసే నమ్మాను. అవే ప్లేట్లు, అవే గ్రిల్లులు, ఎఫ్ అక్షరం బోల్టులతో సహా, కొత్తవి చేసి అమ్ముతారని అప్పుడు నాకు తెలియదు. మీకు తెలుసు.

బండి ఇంటికి వచ్చిన వారానికి మనవడు సెలవులకు వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక వాణ్ని షెడ్డులోకి తీసుకెళ్లి, ముత్తాత చేసిన గారడీ చూడరా అని బానెట్ ఎత్తాను. హెడ్‌లైటు వెనక వింగ్ నట్టు ఉంది. తిప్పాను. కదల్లేదు. తుప్పు పట్టిందేమోనని నూనె పోసి పొద్దున దాకా ఆగాను. పొద్దున వెలుగులో చూస్తే తెలిసింది. నట్టు, బ్రాకెట్టు, బోల్టు మూడూ కలిపి వెల్డింగ్ చేసి, పైన ఆకుపచ్చ రంగు కొట్టేశారు. అంటే అది తిరగడానికి పెట్టింది కాదు, కనబడటానికి పెట్టింది. "తిరగట్లేదేం తాతయ్యా?" అని వాడు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

ఆ తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఎన్నో ఏళ్లుగా జీపుల పని చేస్తున్న ఒక మేస్త్రీని పిలిపించాను. ఆయన ముందు జేబులోంచి అయస్కాంతం తీశాడు. కుడిపక్క బాడీ మీద జానెడు జానెడు పెట్టుకుంటూ పోయాడు. రెండు చోట్ల అది అంటుకోకుండా జారి కింద పడింది. "ఇక్కడ రేకు కాదండీ, లాంబీ" అన్నాడు. పాత బండికి పుట్టీ ఉండటం వింత కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ లాంబీ గోకి చూస్తే కింద ఉన్నది పాత రేకు కాదు. గ్రైండర్ గీతలు ఇంకా మెరుస్తున్న కొత్త రేకు.

అసలు సంగతి బండి కింద పడుకుని చూస్తే బయటపడింది. యుద్ధంలో ఇదే జీపును ఫోర్డ్‌తో పాటు విల్లీస్ అనే ఇంకో అమెరికా కంపెనీ కూడా చేసింది. ఫోర్డ్ జీపుకూ విల్లీస్ జీపుకూ పైన తేడాలు చిన్నవే అయినా ఫ్రేము దగ్గర దొరికిపోతాయి. ముందు భాగంలో రెండు చాసిస్ కడ్డీలనూ కలిపే అడ్డదూలం విల్లీస్‌కు గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌కు తిరగేసిన యూ ఆకారంలో మడిచిన పట్టీ. మీరు ఫోర్డ్ అని అమ్మిన నా బండికి ఉన్నది గుండ్రటి గొట్టం. పోనీ విల్లీసేమో, బిల్లులో పొరపాటేమో అనుకుందామా అంటే, ఆ రోజుల ఫ్రేముల్లో రివెట్లు ఉండాల్సిన చోట ఇందులో వెల్డింగ్ కుట్లు ఉన్నాయి. ఎఫ్ అక్షరం బోల్టులు మొత్తం అయిదు. అయిదూ నిలబడి చూసేవాడి కంటికి ఆనే చోటనే ఉన్నాయి. కిందవన్నీ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికే బోల్టులు. ఎడమ చాసిస్ కడ్డీ పైన కొట్టిన నంబరులో అంకెలు ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా ఉన్నాయి. వాటి చుట్టూ ఇనుము అరగదీసిన గుర్తు ఉంది. ఆ పంచింగ్ ఎవరు కొట్టారో నేను చెప్పను, చెప్పాల్సింది మీరు.

ఇంజను గురించి న్యాయంగా మాట్లాడతాను. అది నిజంగా యుద్ధం జీపులకు వేసిన రకం 2.2 లీటర్ల సైడ్ వాల్వ్ ఇంజనే, బాగానే నడుస్తోంది. ఫోర్డ్ ఇంజనుకు ఉండాల్సినట్టు దాని నంబరు ముందు జీపీడబ్ల్యూ అన్న అక్షరాలు లేవు. కానీ దాన్ని పట్టుకుని నేను మిమ్మల్ని నిలదీయను. యుద్ధంలో ఇంజను పాడైతే చేతికి దొరికింది బిగించుకుని ముందుకు పోయారు. విల్లీస్‌వాళ్లు దాదాపు 3.6 లక్షలు, ఫోర్డ్‌వాళ్లు దాదాపు 2.8 లక్షలు ఒకే డిజైన్‌తో చేసింది ఒకదాని భాగం ఇంకోదానికి పట్టాలనే కదా. ఇంజను మారినా బండి అదే అంటాను. ఫ్రేమూ బాడీ రెండూ నిన్నగాక మొన్న పుట్టినప్పుడు మాత్రం ఇంక 1944 నాటిది ఏం మిగిలిందో నాకు అర్థం కావడం లేదు.

ఇక ఆర్సీ. బండి ఇచ్చేటప్పుడు ఒక జిరాక్సు చేతిలో పెట్టారు. తయారీదారు పేరు, తయారైన ఏడాది ఉండే చోట మసక. ఒరిజినల్ ట్రాన్స్‌ఫర్‌లో ఉందని, నెలలో వస్తుందని అన్నారు. నాలుగు నెలలైంది, రాలేదు. మేస్త్రీ వెళ్లాక అనుమానం వచ్చి ఆ రిజిస్ట్రేషన్ నంబరు పరివాహన్ యాప్‌లో కొట్టి చూశాను. తయారీదారు మహీంద్రా, ఏడాది 1978. డబ్బు కట్టకముందే ఈ పని చేయాల్సింది, చేయకపోవడం నా తప్పే. దానికి మా ఆవిడతో పడాల్సిన మాటలు ఇప్పటికే పడ్డాను. మీరు చెప్పాల్సింది ఒకటుంది. వింటేజ్ నమోదుకు బండి వయసు 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. 1978 కాగితం మీద నిన్న కట్టిన బండికి మీరు తెస్తానన్న వీఏ నంబరు ఏ లెక్కన వస్తుంది?

మొన్న మూడో ఫోన్లో మీ మేనేజరు ఒక మాట అన్నారు. "చూడ్డానికి తేడా లేదు కదా సార్, రోడ్డు మీద అందరూ ఆగి చూస్తారు" అని. చూస్తారు. అదే బండి 5,75,000కు కట్టించుకుని ఉన్నా ఆగి చూసేవాళ్లే. అప్పుడు పవర్ స్టీరింగు కూడా ఉండేది. కాగితాల ఇబ్బందేమిటో నాకు ముందే తెలిసి ఉండేది, దానికి సిద్ధపడో మానుకునో ఉండేవాణ్ని. ఒరిజినల్‌తో వచ్చే కష్టాలన్నీ, కట్టిన బండితో వచ్చే చిక్కులన్నీ కలిపి ఒకే బండిలో పెట్టి, పైన ఇంకో 7,75,000 తీసుకున్నారు.

తేడా డబ్బు ఇచ్చేస్తాం, బండి ఉంచుకోండి అని మీరు అనవచ్చు. ఒప్పుకోను. చాసిస్ నంబరు మీద అనుమానం ఉన్న బండిని నా పేరు మీద పెట్టుకుని, రేపు ఏ చెక్‌పోస్టులోనో పోలీసులకు నేను జవాబు చెప్పలేను. బండి మీరు తీసుకెళ్లండి. పూర్తి 13,50,000, దాంతోపాటు హైదరాబాద్ నుంచి గుంటూరుకు బండి తెప్పించిన ట్రక్కు కిరాయి 18,000, ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో నా ఖాతాలో వేయండి. ఆ చాసిస్ మీకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాతపూర్వకంగా తెలియజేయండి. బండి వెనక్కి వెళ్లాక దాన్ని ఇంకొకరికి 1944 మోడల్ అని అమ్మితే మాత్రం ఊరుకోను. మేస్త్రీ తీసిన ఫోటోలు నా దగ్గర ఉంటాయి.

గడువు దాటితే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాడు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. అంటే వాయిదాలకు తిరగాల్సింది మీరే. లేని గుణం ఉందని చెప్పి సరుకు అమ్మడాన్ని ఆ చట్టం ఏమంటుందో మీ వకీలును అడగండి. నాకు కోర్టు సరదా లేదు. డబ్బు వస్తే అక్కడితో వదిలేస్తాను.

బండి మా ఇంటి షెడ్డులో ఉంది. యాప్‌లో చూసిన రోజు నుంచి బయటికి తీయలేదు, బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టాను. దాన్ని రోడ్డు మీద నడిపించుకుంటూ తీసుకెళ్లడానికి ఎవరినీ పంపకండి, ఇవ్వను. ట్రక్కు తెచ్చుకుని ఎక్కించుకుపొండి. ఆదివారం తప్ప ఏ రోజైనా ఇంట్లోనే ఉంటాను. మీ బిల్లు, ఆర్సీ జిరాక్సు, యాప్ స్క్రీన్ కాపీ, 22 ఫోటోలు, మేస్త్రీ సంతకంతో రాసిచ్చిన కాగితం ఈ ఉత్తరానికి జతచేశాను.

ఇట్లు,
మీ దగ్గర బండి కొన్న గుంటూరు వినియోగదారుడు

తా.క.: చిన్న ప్లాస్టిక్ కవరులో విడిగా పంపుతున్నది ఎడమ హెడ్‌లైటు దగ్గరి వింగ్ నట్టు. మేస్త్రీ ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే వెల్డింగ్ ముక్కతో సహా ఊడి వచ్చింది. ట్రక్కు పంపేటప్పుడు అది మీకు ముట్టిందని ఒక రసీదు కూడా రాసి పంపండి.