శంషాబాద్‌లో వలసకూ ఒక గోడ కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికా వీసా నిబంధనలు మారిన ప్రతిసారీ మన పత్రికలు ఫీజులు, గడువుల వివరాలతో పేజీలు నింపుతాయి. అవి అవసరమే. అయితే ఆ కాగితం చేతికొచ్చాక మనిషి ఏమవుతాడన్నది వాటిలో కనిపించదు. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన చిత్రకారిణి హంగ్ లియు (1948–2021) దశాబ్దాల పాటు ఈ విషయం మీదే పనిచేశారు. ఆమె కృషిని గుర్తుచేస్తూ మన విమానాశ్రయం గురించి ఒక సూచన చేయదలచుకున్నాను.

చైనాలో మావో నడిపిన సాంస్కృతిక విప్లవ కాలంలో పొలం పనులకు పంపబడి, ఆ తరువాత బీజింగ్‌లో కుడ్యచిత్రకళ చదివిన ఆమె 1984లో అమెరికా చేరారు. నాలుగేళ్లకు తన గ్రీన్ కార్డునే పెద్ద తైలవర్ణ చిత్రంగా గీశారు. ఫొటో, వేలిముద్ర అన్నీ యథాతథంగా ఉన్నాయి కానీ, పేరు ఉండాల్సిన చోట ‘ఫార్చ్యూన్ కుకీ’ అని ఉంటుంది, పుట్టిన సంవత్సరం 1948 బదులు 1984 అయింది. అమెరికాలోని చైనీస్ హోటళ్లలో భోజనమయ్యాక ఇచ్చే, లోపల జాతకపు చీటీ ఉండే ఆ బిస్కెట్టు చైనా వంటకమే కాదు. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న పరిమితి వల్ల ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డ తెలుగు కుటుంబాలకు ఈ చిత్రంలోని చురక విడమరచి చెప్పనక్కర్లేదు.

1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో ఆమె రైలు పట్టాల మీద రెండు లక్షల ఫార్చ్యూన్ కుకీలను కొండలా పోయించారు. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండలను తొలిచి, 1869 నాటికి అమెరికా తూర్పు పడమరలను కలిపే రైలు మార్గం పూర్తికావడానికి చెమటోడ్చిన వారిలో వేలాది మంది చైనా కూలీలు ఉన్నారు. ఆ తరువాత పదమూడేళ్లకే, 1882లో, చైనా కార్మికులు దేశంలోకి రాకూడదని అమెరికా చట్టం చేసింది. అది 1943 దాకా రద్దు కాలేదు. అవసరం తీరాక ముఖం తిప్పుకోవడం మనకు తెలియని సంగతేమీ కాదు.

నా దృష్టిలో ఆమె గొప్పతనం మరొక చోట ఉంది. పేరైనా మిగలని చైనా స్త్రీల పాత ఫొటోలను పెద్ద చిత్రాలుగా గీసి, అవిసె నూనెను వాటి మీద ధారలుగా జారనిచ్చేవారు. దగ్గరికి వెళ్లి చూస్తే ముఖం కరిగిపోతున్నట్టుంటుంది. చివరి సంవత్సరాల్లో 1930ల ఆర్థిక మాంద్యం నాటి అమెరికా రైతు కూలీల ఫొటోలనూ అదే పద్ధతిలో చిత్రించారు. తన జాతి బాధ దగ్గరే ఆగిపోని చూపు అది. ఇంతటి చిత్రకారిణి ప్రదర్శనకు 2019లో బీజింగ్‌లో అధికారుల అనుమతి దొరకలేదు.

ఇక నా సూచన. 2006లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ విమానాశ్రయంలో ఆమె ఒక పొడవాటి గాజు గోడ మీద 80 కొంగలను చిత్రించారు. వెళ్లేవారికీ తిరిగొచ్చేవారికీ శుభం పలికే ఆ కొంగలు ఒక ప్రాచీన చైనా పటచిత్రం నుంచి వచ్చినవి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయి, మస్కట్ బయలుదేరే కూలీలు శంషాబాద్ మీదుగానే వెళ్తారు, వారిలో కొందరు శవపేటికల్లో అక్కడికే తిరిగొస్తారు. అమెరికా వెళ్లే ఇంజినీర్లదీ అదే దారి. ఈ ఇద్దరి కథా చెప్పే ఒక శాశ్వత కళాఖండాన్ని విమానాశ్రయ యాజమాన్యం, రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ కలిసి బహిరంగ పోటీ ద్వారా చేయించాలి. కళాకారులు ముందుగా గల్ఫ్ బాధిత కుటుంబాలతో మాట్లాడాలన్న షరతు పెట్టాలి. దానిని ఖరీదైన లాంజీల్లో కాక, కూలీలు సామాను కోసం నిలబడే ఆగమన హాలులో పెట్టాలి.

— ఒక పాఠకుడు, నిజామాబాద్