స్టీలు డబ్బా తీసుకొచ్చిన తమ్ముడికి

ఇల్లు కడగడం నిన్నటితో ఆపేశాను. అయిపోయిందని కాదు, వరద బురద వాసన ఇంకా గోడల్లోనే ఉంది, నావల్ల కాక చీపురు ఓ మూల పడేశాను. బ్లీచింగ్‌కి వేళ్లు ఒరిసిపోయి టైపు చేస్తుంటే మండుతున్నాయి. అయినా ఇవాళే రాయాలి. ఫ్యాను తిరగడం మొదలైతే సగం మర్చిపోతాం, మన సంగతి మనకి తెలీదా.

మాది విజయవాడ సింగ్‌నగర్, కింద పోర్షన్. 2024 ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. ఆదివారం లేచేసరికి వాకిట్లో నీళ్లు. ఎప్పుడూ వచ్చేవేగా అనుకున్నాం, చూస్తుండగానే నడుము దాటాయి. అమ్మని, పిల్లల్ని పై పోర్షన్‌కి ఎక్కించి, నేను కుట్టుమిషన్ దగ్గర, మా ఆయన గ్యాస్ బండ దగ్గర కొట్టుకుంటుంటే ఫ్రిజ్ సంగతి ఇద్దరికీ తట్టలేదు. అమ్మ ఇన్సులిన్ అందులోనే ఉంది. గుర్తొచ్చి మళ్లీ దిగేసరికి ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది.

అమ్మకి 71 ఏళ్లు, రెండు పూటలా ఇంజెక్షన్ పడాలి. ఆదివారం రాత్రి పడలేదు. సోమవారం అసలే లేదు. ఊరికే నీళ్లు నీళ్లు అంటుంది, చుట్టూ అన్ని నీళ్లున్నా తాగడానికి రెండు సీసాలే ఉన్నాయి. ఫోన్లు చచ్చిపోయాయి. హెలికాప్టర్ పొట్లాలు వదులుతుంటే కొన్ని మేడల మీద, కొన్ని నీళ్లలో పడుతున్నాయి. ఫ్లైఓవర్ వైపు వెళ్తున్న ఒక బోటుని కేకలేసి ఆపాం కానీ అందులో కాలు పెట్టే చోటు లేదు. పాప నోటుబుక్కులో కాగితం చింపి మందు పేరు, ఇంటి గుర్తు రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బోటు చివర కూర్చున్న అమ్మాయి మీదకి విసిరాను. అది ఎవరికో చేరుతుందని నేను నమ్మలేదు, చేతులు ఊరుకోక చేసిన పని అంతే.

మంగళవారం మధ్యాహ్నం ఒకతను ఛాతీ లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు. తల మీద స్టీలు టిఫిన్ డబ్బా, దాని చుట్టూ తడిగుడ్డ, రెండో చేతిలో కింద గుంటలు తడుముకోడానికి కర్ర. "చీటీ రాసింది మీరేనా అక్కా?" అన్నాడు. డబ్బాలో ఇన్సులిన్, నాలుగు సిరంజీలు, బ్రెడ్డు ముక్కలు. నా చీటీ కూడా ఉంది, అక్షరాలు అలుక్కుపోయి.

నేను గబగబా సిరంజి తీయబోతే ఆపాడు. "మామ్మగారు ఏమైనా తిన్నారా? ముందు తిండి దగ్గర పెట్టుకోండి, తినకుండా ఇది పడితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది" అన్నాడు. ఆ తర్వాత వెళ్లిపోవచ్చుగా. వెళ్లలేదు. మెట్ల మీద, నీళ్లకి పై మెట్టులో కూర్చున్నాడు, చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అమ్మ బ్రెడ్డు నమిలి మింగేదాకా అరగంట పైనే చూస్తూ కూర్చుని, "ఇంకో ముక్క మామ్మగారూ, నా కోసం" అంటూ తినిపించాడు. రెండు రోజులుగా ఒక్క చుక్క రాని నాకు అప్పుడొచ్చింది ఏడుపు, పిల్లల ముందే, గట్టిగా. అతను నా వైపు చూడకుండా, "తెరిచిన సీసా ఫ్రిజ్ లేకపోయినా పాడవదక్కా, ఎండ తగలనీయకండి, కొన్ని వారాలు ఉంటుంది. మా అమ్మ కూడా ఇదే వాడేది" అన్నాడు. వాడేది అన్నాడు, వాడుతుంది అనలేదు. నాకది రాత్రి పడుకున్నాక వెలిగింది. పేరన్నా అడగలేదు నేను. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఫోన్ ఛార్జింగ్ అయ్యాక చూస్తే చుట్టాల గ్రూపుల్లో ఒకటే మెసేజ్, పాపాలు పండాయి, దేవుడికి కోపం వచ్చింది అని. రాసినవాళ్లెవరి ఇంట్లోనూ చుక్క నీళ్లు రాలేదు లెండి. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి, అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, ఏరు పారాల్సిన చోట మనం ఇళ్లు కట్టుకున్నాం. 2005లో కూడా ఇదే బుడమేరు ముంచింది. ఇందులో దేవుడి కోపం ఎక్కడుంది? ప్రతి శుక్రవారం ఇంద్రకీలాద్రి ఎక్కే మనిషిని నేను, నాకూ నమ్మకం ఉంది. కానీ ఆ మూడు రోజులు దండం పెట్టుకోడానికి చేతులు రాలేదు, నిజం చెప్తున్నా.

అమ్మ మాత్రం "అమ్మవారే పంపింది ఆ పిల్లాణ్ణి" అంది. మరి పక్క వీధి తాతగారికి ఎవర్నీ పంపలేదేం అని అడిగేశాను. అనకూడని మాటే. అమ్మ చాలాసేపటికి "నాకేం తెలుసే" అంది. 7న చవితి నాడు మా వీధిలో ఇంకా మోకాళ్ల లోతు నీళ్లు, పైవాళ్లనడిగి పసుపు తెచ్చి వినాయకుణ్ణి చేసుకుంది, పత్రి లేదు, ఉండ్రాళ్లు లేవు. నేను పక్కన కూర్చున్నాను గానీ ఏం కోరుకోలేదు. ఎందుకో ఆ మెట్టు వైపే చూస్తూ కూర్చున్నా.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. సాయం కింద పోర్షన్‌కి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అన్నారు, మంచిదే. సర్వేకి వచ్చినప్పుడు మేం ఎక్కడుంటాం, పైనే ఉంటాం కదా, కింద బురద. "మీరు పైన ఉన్నారుగా" అని పైనే రాసుకుపోయారు. మార్చమని మూడుసార్లు తిరిగాను, ఒకసారి యాప్ తెరుచుకోదు, ఒకసారి ఓనర్ రావాలంటారు, ఒకసారి అసలు మనిషే ఉండడు. ముందు రాత్రి మైకులో ఒక్క మాట చెప్పుంటే ఆ ఫ్రిజ్ తలుపు నేనే తీసేదాన్ని. సరే, ఇది థాంక్స్ చెప్పే పోస్టు.

మా ఆయన, మా సొంత తమ్ముడు, మరదలు, మీకు వేరే చెప్పక్కర్లేదు.

పై పోర్షన్ వదినగారూ, ఆరు రోజులు తొమ్మిది మందికి వండారు, మిమ్మల్ని ఇంత కింద రాస్తున్నందుకు ఏమనుకోకండి. చీటీ పట్టుకున్న బోటులోని అమ్మాయీ, నువ్వు పారెయ్యలేదు. ఫైరింజన్ పైపుతో మా హాలు కడిగిన కుర్రాళ్లు. వేరే ఊళ్ల నుంచి వచ్చి మా వీధి చెత్త ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులు, వాళ్లకి కనీసం టీ కూడా ఇవ్వలేకపోయాను. అయ్యో, మిషన్ విప్పి ఆరబెట్టి డబ్బు తీసుకోని మెకానిక్ బాబాయి!

తమ్ముడూ, నీ డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. మూత ఒక పక్క సొట్టపోయి ఉంది. మీద పేరు చెక్కించారు, తోమి తోమి అరిగిపోయింది, చివర "మ్మ" ఒక్కటే చదవగలుగుతున్నాను. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది, ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు. ఇది నీ కంటపడితే వచ్చి తీసుకెళ్లు. అన్నం తినేవేళకి రా.