వంద కపాలభాతులకు ముందు ఒక్క ప్రశ్న

సంపాదకుల వారికి నమస్కారం.

గుంటూరులో మా కాలనీ పార్కులో తెల్లవారుజామున ఐదున్నరకే మైకు మోగుతుంది. నలభై యాభై మంది ప్రాణాయామానికి చాపలు పరుచుకొని కూర్చుంటారు. శిక్షకులు అంకెలు చెబుతుంటే అందరూ ఒక్కసారిగా పొట్ట లోపలికి లాగి ముక్కుతో గాలి చిమ్ముతారు. కపాలభాతి అంటే ఇదే. ఇరవై ఏళ్లుగా రక్తపోటు మాత్రలు వేసుకుంటున్న నేను, బడి నుంచి విరమించాక పొద్దుపోక, గత కార్తిక మాసంలో ఆ బృందంలో చేరాను. నా వయసెంత, ఒంట్లో ఏమైనా జబ్బులున్నాయా అని ఎవరూ అడగలేదు. నాలుగో రోజు భస్త్రిక, అంటే వేగంగా బలంగా గాలి పీల్చి వదలడం, చేస్తుండగా వేళ్లు తిమ్మిరెక్కి, కళ్లు తిరిగి, పక్కాయన భుజం పట్టుకొని ఆగవలసి వచ్చింది. "నాడులు తెరుచుకుంటున్నాయి మాస్టారూ, ఆపకండి" అన్నారు శిక్షకులు.

జరిగింది దాదాపు దానికి వ్యతిరేకమని మా డాక్టరు గారు చెబితే తెలిసింది. అతి వేగంగా గాలి పీల్చి వదులుతూ పోతే రక్తంలో ఉండవలసిన కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దాంతో మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళాలు కుంచించుకుపోతాయి, తల తిరుగుతుంది. అలా రొప్పితే ప్రాణవాయువు మెండుగా అందుతుందన్న మాటకూ పెద్దగా బలం లేదు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్లు చాలా ఇళ్లలో బీరువాల్లో ఇంకా పడివున్నాయి. ఆరోగ్యవంతులెవరైనా ఊరికే కూర్చొని వేలు పెట్టి చూసుకుంటే రక్తంలో ప్రాణవాయువు సాధారణంగా 95 శాతానికి తక్కువ చూపించదు, అంటే రొప్పి కొత్తగా నింపుకోవలసింది పెద్దగా లేదు.

ఇది చదివి ప్రాణాయామం వద్దంటున్నానని అనుకోవద్దు. నేటికీ రోజూ చేస్తున్నాను, కాకపోతే మైకు లేకుండా. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసే మనం, మనసులో నాలుగు వరకు లెక్కపెడుతూ పీల్చి, ఆరు వరకు లెక్కపెడుతూ వదిలితే, ఆ సంఖ్య ఆరు దగ్గరకు దిగుతుంది. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో గుండె కొట్టుకునే వేగం కాస్త తగ్గుతుంది కనుక, వదలడం నిదానంగా సాగితే ఒళ్లూ మనసూ కుదుటపడతాయి. దీనికి మాత్రలు మానేయవలసిన పని లేదు, మానకూడదు కూడా.

శాస్త్రం పేరు చెప్పేవారు పాత యోగ గ్రంథమైన హఠయోగ ప్రదీపికను ఒక్కసారి తిరగేస్తే బాగుంటుంది. సింహాన్నీ ఏనుగునూ పులినీ మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్టే వాయువునూ వశం చేసుకోవాలని, లేకుంటే అది సాధకుడినే దెబ్బతీస్తుందని అందులో ఉంది. కపాలభాతిని ఆ గ్రంథం ధౌతి, నేతి వంటి షట్కర్మల్లో చేర్చి శుద్ధి క్రియగా చెప్పిందే తప్ప ప్రాణాయామంగా చెప్పలేదు. మన పార్కుల్లో మాత్రం మొదటి పాఠమే పులి బోనులో జరుగుతోంది.

అసలు నేర్పవలసిన వారు వేరే ఉన్నారు. మిర్చియార్డులో ఘాటుకు దగ్గుతూ టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, బీడీలతో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న పెద్దవారు పార్కుకు రారు. ముక్కుతో పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదవులు ముడిచి నెమ్మదిగా వదిలే పద్ధతి, ఆయాసం ఉన్నవారికి వైద్యులు చెప్పేదే, ఐదు నిమిషాల్లో నేర్పవచ్చు. శ్వాసనాళాలు మధ్యలోనే మూసుకుపోకుండా అది కాపాడుతుంది. ఇన్‌హేలర్ వాడుతున్నవారు మాత్రం దాన్ని కొనసాగిస్తూనే ఇది చేయాలి.

జూన్ 21ని యోగా దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2014లో ప్రకటించింది. 2025లో విశాఖ సాగరతీరంలో ప్రధానమంత్రి సమక్షంలో లక్షలాది మందితో జరిగిన వేడుకను రాష్ట్రమంతా చూసింది. ఆ ఒక్కరోజుకు పెట్టే శ్రద్ధలో కొంచెం మిగతా రోజులకూ దక్కాలి. అధిక రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవారు వైద్యులను అడగకుండా కపాలభాతి, భస్త్రిక చేయరాదని, తల తిరిగితే వెంటనే ఆపాలని తెలుగులో రాసిన బోర్డు ప్రతి పార్కులోనూ ఉండాలని నగరపాలక సంస్థను కోరుతున్నాను. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ శిక్షకులు ముందుగా వారి ఆరోగ్యం గురించి అడగాలి. బోర్డు ఖర్చు భారమనుకుంటే మా పార్కు వరకు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు.