లూపస్, స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లకు కడుపునొప్పి వస్తే గ్యాస్ అని వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

లూపస్, స్క్లెరోడెర్మా రెండూ ఒంట్లోని రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే తిరగబడే జబ్బులు. మే 10న లూపస్ దినం వచ్చిందంటే పేపర్లన్నీ కీళ్లనొప్పులు, ముఖం మీద సీతాకోకచిలుక ఆకారపు మచ్చ, కిడ్నీలు అని రాస్తాయి. జూన్ 29 స్క్లెరోడెర్మా దినం (అదొకటుందని ఎంతమందికి గుర్తుంటుంది లెండి) చర్మం బిగుసుకుపోవడం దగ్గరే ఆగిపోతుంది. పేగుల మాట ఎవరూ ఎత్తరు. మా అక్కకు స్క్లెరోడెర్మా, అందుకే రాస్తున్నాను.

ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు 90 శాతం మందికి జీర్ణవ్యవస్థలో ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. ఎక్కువగా అన్నవాహికలో, అంటే మింగుడు పడకపోవడం, గుండెమంట. చిన్నపేగు బాగా దెబ్బతినడం అంతకన్నా తక్కువ. అలా జరిగితే మాత్రం పేగు గోడలో కండరం సన్నబడి, తిన్నదాన్ని ముందుకు నెట్టే కదలిక తగ్గిపోయి, నిలవ ఉన్నచోట బ్యాక్టీరియా పెరిగి, ఉబ్బరం, విరేచనాలు, బరువు తగ్గడం, విటమిన్ బీ12 పడిపోవడం అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఇంట్లోవాళ్లేమో సరిగ్గా తినట్లేదని తిడతారు, మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ల ఇస్తారు.

ఒక రాత్రి అక్కకు పొట్ట బాగా ఉబ్బి ఆగకుండా వాంతులైతే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే చూసి పేగు మూసుకుపోయింది, వెంటనే ఆపరేషన్ అన్నారు. అక్కను చూసే రుమటాలజిస్టుకు (ఇలాంటి జబ్బులు, కీళ్లవాతం చూసే డాక్టరు) ఫోన్ చేస్తే ముందు సీటీ స్కాన్ తీయించమన్నారు. తీస్తే లోపల అడ్డమేదీ లేదు, పేగు కదలడం మానేసిందంతే! నోటికి ఏమీ ఇవ్వకుండా, ముక్కులోంచి ట్యూబు వేసి, సెలైన్, యాంటీబయాటిక్స్, పేగును కదిలించే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లతో దారికి తెచ్చారు. అనవసరంగా కోసి ఉంటే అసలే కదలని పేగు ఇంకా మొండికేసేది.

స్క్లెరోడెర్మాలో ఇంకో వింత కూడా ఉంది, పేగు గోడలోనే గాలి బుడగలు చేరతాయి. అవి పగిలితే ఎక్స్‌రేలో అచ్చం పేగుకు చిల్లు పడ్డట్టే గాలి కనిపిస్తుంది, కానీ జ్వరం లేకుండా, పొట్ట గట్టిపడకుండా రోగి కుదురుగా ఉంటే చాలాసార్లు ఆక్సిజన్, యాంటీబయాటిక్స్‌తోనే సర్దుకుంటుంది. అలాగని ఇది చదివి సర్జన్‌తో గొడవకు దిగకండి, నిజంగా చిల్లు పడినా, పేగు కుళ్లినా ఆపరేషన్ ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

లూపస్‌లో సంగతి వేరు. అరుదుగా పేగులకు రక్తం అందించే నాళాలు వాచి, పేగు గోడ నీరు పట్టి ఉబ్బుతుంది, కాంట్రాస్ట్ సీటీలో (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) అది వలయాలు వలయాలుగా కనిపిస్తుంది. సమయానికి పట్టుకుంటే స్టెరాయిడ్లు పెద్ద మోతాదులో నరం ద్వారా ఇస్తే చాలామందికి తగ్గుతుంది, లేదంటే రక్తం అందక పేగుకు చిల్లు పడొచ్చు. ఇక్కడే పెద్ద చిక్కు. ముందు నుంచే స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు లోపల ఎంత ముదిరినా జ్వరం, నొప్పి అంతగా పైకి తెలియవు. పైగా ఆ కడుపునొప్పికి కారణం ఇన్ఫెక్షన్ అయితే స్టెరాయిడ్ పెంచడమే ప్రమాదం, కాబట్టి ఊహ మీద వైద్యం పనికిరాదు.

రుమటాలజిస్టులు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే దొరుకుతారు, అర్ధరాత్రి క్యాజువాలిటీలో మనకు కనబడేది డ్యూటీ డాక్టరే. ఆయనతో ఉత్త కడుపునొప్పి అనకుండా, ఫలానా జబ్బు ఉంది, ఈ మందులు ఇంత మోతాదులో వాడుతున్నాం అని మొదటే చెప్పండి. డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ ఫొటోలు ఫోన్లో పెట్టుకోండి, రోగి ఫోన్లోనే కాదు, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా.

మీ ఆరోగ్య పేజీలో ఒక రుమటాలజిస్టు, ఒక సర్జన్ కలిసి దీని మీద రాస్తే బాగుంటుంది. విడివిడిగా రాయిస్తే మళ్లీ ఎవరి గోల వాళ్లదే అవుతుంది.

— ఒక పాఠకుడు, ఖమ్మం