తెల్ల బోటు, మచ్చల బోటు

కావలి
మే 18

ఒరేయ్ బావా,

నువ్వు రాసి నెల దాటింది. తిట్టుకుంటా ఉంటావని తెలుసు, తిట్టుకో, తప్పు నాదే. ఇంట్లో అందరం బాగుండాం, నాన్న కంటి ఆపరేషన్ అయిపోయింది, ఊరగాయ నీ వాటా అమ్మ ఎత్తిపెట్టింది, ఎండలు చంపతా ఉండాయి. ఇంక క్షేమ సమాచారాలు అడగబాక. నువ్వు కొనాలని చూసి రమ్మన్న పాత బోట్ల సంగతి చెప్తేగానీ నాకు అన్నం దిగేట్టు లేదు.

రెండూ చూశా. నువ్వు ఫొటో చూసి మనసు పారేసుకున్న తుమ్మలపెంట తెల్ల బోటుకి పెళ్ళికొడుకని పేరు పెట్టా. 16 అడుగులు, 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజను, లక్షా అరవై చెప్తా ఉండారు. రెండోది ఇసకపల్లిలో. 18 అడుగులు, అంతే పవర్ టూ స్ట్రోక్, 95 వేలు. ఒళ్ళంతా అతుకులూ మచ్చలే, ఫొటో పంపుంటే నువ్వు ఫోన్ పెట్టేసేవాడివి. నీ ఆకుపచ్చ స్కూటరు గుర్తుందా? రంగు చూసి కొన్నావు, నెల తిరక్కుండానే అడుగున… సరే, ఆ కథ ఎత్తనని ఒట్టేశా కదా. ఎత్తను. కానీ పెళ్ళికొడుక్కి కూడా అట్టానే పైన రంగు కొట్టారు, అంతే చెప్తా.

పాత బోటు దగ్గరికి పోయి అందరూ ముందు ఇంజను కవరు తీస్తారు. ముందు చూడాల్సింది అమరం వైపు, అంటే బోటు వెనక, ఇంజను బిగించే పలక. ఫైబర్ బోటంటే అంతా ఫైబరే అనుకుంటావు. చాలావాటికి ఆ పలక లోపలుండేది ప్లైవుడ్డు, రెండు పక్కలా ఫైబర్ తొడుగు. ఇంజను బోల్టులు దాంట్లోంచే దూరి పోతాయి. బోల్టు చుట్టూ సీలెంటు సరిగా లేకపోతే నీళ్ళు బొట్టుబొట్టుగా చెక్కలోకి దిగుతాయి, బయటికొచ్చే దారి ఉండదు. కొన్నేళ్ళకి చెక్క తడిసిన రస్కు అవుతుంది. పైన తొడుగు మాత్రం నున్నగా నవ్వతానే ఉంటుంది.

స్క్రూడ్రైవరు పిడితో పైనుంచి కిందికి జానెడుకొకసారి కొట్టుకుంటా వచ్చా. చెక్క బాగుంటే టకటకమంటుంది. పెళ్ళికొడుక్కి పైన రెండు జానలు టకటక, బోల్టుల కిందికొచ్చేసరికి తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు బద్‌మంది. తర్వాత ఇంజన్ని సగం ఎత్తి, కింద గేరు డబ్బా పట్టుకుని పైకీ కిందికీ ఊపా. పలక కదలకూడదు. ఇది కదిలింది. మూలన కొత్త రంగు కింద వెంట్రుకంత గీత తెరుచుకుని మూసుకుంది, చేప నోరు మాదిరి. కింది బోల్టు ఒక్క చుట్టు వదులు చేస్తే డికాషన్ రంగు నీళ్ళు కారినాయి. "నిన్న కడిగాం లే అన్నా" అన్నాడు అమ్మేవాడు. కడిగితే పైన తడుంటుంది, చెక్క లోపల డికాషన్ ఎట్టా ఊరతుంది రా?

బాగు చెయ్యలేమా అంటావు. చెయ్యొచ్చు. లోపలి తొడుగు కోసి, కుళ్ళిన చెక్కంతా గోకి తీసి, ఆరనిచ్చి, మెరైన్ ప్లైవుడ్డు 18 మిల్లీమీటర్లవి రెండు రెసిన్‌తో అతికించి, పైన నాలుగైదు పొరల ఫైబర్ మ్యాటు వెయ్యాలి. ఆరబెట్టకుండా పైపైన మూస్తే కొత్త చెక్క కూడా అదే దోవ పడుతుంది. కోసేదాకా కుళ్ళు ఎంత దూరం పాకిందో ఎవడూ చెప్పలేడు, నాకు భయం అక్కడే. పలక ఊడితే 40 కిలోల పైచిలుకు ఇంజను, నీళ్ళలో బోటుని తోసే రెక్క (ప్రొపెల్లరు) తిరగతా ఉండగానే సముద్రంలోకే.

ఇంక ఇంజన్లు. పోగానే కవరు తీసి సిలిండరు తల మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉండాలి. పెళ్ళికొడుకుది పొద్దున తొమ్మిదికే వెచ్చగా ఉంది, అంటే మనం రాకముందే లాగి లాగి స్టార్టు చేసి పెట్టారు. వేడి మీద ఏ ఇంజనైనా ఒక లాగుకి అందుకుంటుంది. పాత రోగాలు బయటపడేది చల్లగా ఉన్నప్పుడే.

కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడి కడతా ఉందో మీటరు పెట్టి చూసేటప్పుడు, రెండు ప్లగ్గులూ ఊడదీసి, వాటి తీగల్ని ఎర్త్ చేసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, ఐదారు సార్లు తాడు లాగాలి. అంకె ఎంతొచ్చిందనే దానికంటే రెండు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండాయా అనేది ముఖ్యం. తేడా పది శాతం దాటకూడదు. మచ్చలదానికి 105, 100 పీఎస్‌ఐ వచ్చినాయి. ఎక్కువేం కాదు గానీ రెండూ అన్నదమ్ములే. పెళ్ళికొడుక్కి 70, 55. చాలా చిన్న ఫోర్ స్ట్రోకులకి తాడు తేలిగ్గా లాగడానికని కొంత గాలి వదిలే ఏర్పాటుంటుంది, అందుకని 70 చూసి కంగారు పడలా. పక్కన 55 చూసి పడ్డా.

గేరాయిలు మాత్రం మెకానిక్కు లేకపోయినా నువ్వే చూడొచ్చు. కింద డబ్బాకి అడుగున ఉండే స్క్రూ కొంచెం వదులు చేసి, నాలుగు చుక్కలు అరచేతిలో పట్టు. నీళ్ళు దూరుంటే అవి అడుగునే చేరతాయి, ముందు బయటికొచ్చేవి అవే. మచ్చలదానికి నల్లగా, జిడ్డుగా వచ్చింది, పాతదే గాని ఆయిలే. పెళ్ళికొడుక్కి బూస్టు కలిపినట్టు వచ్చింది. రెక్క ఊడదీస్తే ఇరుసుకి నైలాన్ వల పోగు చుట్టుకుని, నీళ్ళు లోపలికి రాకుండా ఆపే సీలుని కత్తి మాదిరి కోసుంది. ఎన్నాళ్ళ నుంచి గేర్లు ఆ ఉప్పునీళ్ళలో నానతా ఉండాయో!

నవ్వొచ్చే సంగతి ఇంకోటి. ఇంజనుకి జింకు ముక్క ఒకటుంటుంది చూడు, ఇంజను బదులు తుప్పు తను తినేది. మచ్చలదానికి అది సగం అరిగి గుంటలు పడుంది, అంటే తన పని తను చేస్తా ఉంది. పెళ్ళికొడుక్కి దానిమీద కూడా తెల్లరంగు కొట్టారు! రంగు పడితే జింకు పని చెయ్యదు. నీ స్కూటరు సైలెన్సరుకి కూడా… లేదులే.

మచ్చలది మచ్చ లేనిదని కాదు సుమా. మూడో లాగుకి అందుకుంది, నాలుగు నిమిషాలకి ఆగిపోయింది. పెట్రోలు గొట్టం మధ్యన చేత్తో నొక్కే రబ్బరు బంతి ఎంత నొక్కినా గట్టిపడలా. గొట్టం పగిలి గాలి పీలుస్తా ఉంది, మార్చేస్తే సరి. ఇంజన్ని చల్లబరిచి పక్కనుంచి కారే నీళ్ళ ధార మా తాత మాదిరి ఆగి ఆగి పోస్తా ఉంది. ముందు ఆ రంధ్రంలో సన్న తీగ పెట్టి పొడిచా, ఉప్పు పెచ్చులు రాలినాయి గాని ధార పెరగలా. అంటే ఇంపెల్లర్, ఆ నీళ్ళు పైకి తోడే రబ్బరు చక్రం, పోయింది. గేరు రాడ్డు విడదీసి, కింద డబ్బా దించితే పైనే ఉంటుంది. పాతదాని రెక్కలు లెక్కపెట్టాలి. ఒకటి తెగిపోయుంటే ఆ ముక్క నీళ్ళ దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని తియ్యకుండా కొత్తది వేస్తే ఇంజను వేడెక్కడం మానదు. బోటు అడుగు వెన్ను అరిగి ఇసకలో ఈడ్చిన చోట ఫైబర్ పోగులు తేలుండాయి, దానికి రెండు పొరల మ్యాటు చాలు. అతుకులన్నీ కొట్టి చూశా, టకటక. దాచిన అతుకు ఒక్కటీ లేదు.

నువ్వు ఫోన్లో వేసిన ఎత్తు కూడా ఆలోచించా: మచ్చల బోటు, పెళ్ళికొడుకు ఇంజను. కుదరదు బావా. ఇసకపల్లి బోటు పలక ఎత్తు 20 అంగుళాలు, తుమ్మలపెంట ఇంజనుది 15 అంగుళాల పొట్టి షాఫ్టు, అంటే నీళ్ళలోకి దిగే కాలు పొట్టిది. రెక్క పైనుండే అడ్డ పలక బోటు అడుగుకి సమంగానో, అంగుళం కిందో ఉండాలి. అది ఐదంగుళాలు పైన ఉంటే రెక్క గాలి పీల్చి అరుస్తుంది, బోటు కదలదు, చల్లబరిచే నీళ్ళూ సరిగా అందవు. పైగా ఆ గేరు డబ్బాని ఊరికే ఇచ్చినా వద్దు.

కాబట్టి మచ్చలదే. 85కి దిగుతాడు, ఇంపెల్లరూ గొట్టం పేరు చెప్పి అడుగుతా. జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ గట్టునే ఉండాయి, ఇప్పటిదాకా ఇంజన్ని నీళ్ళ డ్రమ్ములో తిప్పి చూసిందే. అడ్వాన్సు ఐదువేలకి మించి ఇవ్వను, మిగతాది 15 తర్వాత నీళ్ళలో ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని ఒక గంట ఫుల్లుగా తిప్పాకే. అప్పుడు రెక్క మధ్య బుష్షుకీ రెక్కకీ కలిపి పెయింటుతో ఒక గీత గీస్తా. తిరిగొచ్చేసరికి గీత విడిపోయుంటే లోపలి రబ్బరు జారతా ఉన్నట్టు. బ్రాకెట్ మీది ఇంజను నంబరూ బిల్లులో నంబరూ కలిసినాయి, బోటు నీ పేరుకి మార్చడం మత్స్యశాఖ ఆఫీసులో మీ బామ్మర్ది చూసుకోవాలి.

పెట్రోల్లో కలిపే ఆయిలు లీటరుకి 20 మిల్లీ లెక్క, 24 లీటర్ల ట్యాంకుకి 480. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. బైకుల టూటీ ఆయిలు పోయబాక, అది గాలితో చల్లబడే ఇంజన్లది, దీంట్లో మసి కట్టి ప్లగ్గులు చస్తాయి. పెట్రోలు కూడా నెల తరబడి నిలవుంచబాక, ఇప్పుడు దాంట్లో కలిసే ఇథనాల్ తేమ పీల్చుకుని అడుగున నీళ్ళుగా విడిపోతుంది. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళ డ్రమ్ములో పది నిమిషాలు…

మీ బామ్మర్ది బండి స్టార్టు చేసి హారన్ కొడతా ఉండాడు, ఊరగాయ జాడీ కూడా ఎక్కించేశాడు. ఒక్కటి మాత్రం మర్చిపోబాక, ఆ ఎర్ర తాడు, ఇంజను ఆపేది, మణికట్టుకి తగిలించుకోకుండా స్టార్టు తాడు లాగావంటే నేను… వస్తున్నా రా అంటే వినడే! మిగతాది ఫోన్లో.

నీ
బావ